పెట్రోలు ముల్లు: ఇంకను ఎంత దూరము?

దారి పట్టిన మనుష్యునకు రెండు ప్రశ్నలు తప్పవు. ఎంత దూరము వచ్చితిమి అనునది మొదటిది. ఇంకను ఎంత దూరము పోగలము అనునది రెండవది. మొదటి ప్రశ్నకు యంత్రరూపమైన సమాధానము రెండువేల ఏండ్ల క్రిందటనే దొరికినది. క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమునకు చెందిన రోమను శిల్పి విట్రూవియస్ తన గ్రంథములో ఒక చిత్రమైన బండిని వర్ణించెను. దాని చక్రము నాలుగు వందల సారులు తిరుగగనే ఒక గుండ్రాయి జారి పాత్రలో ఖంగుమని పడును. సాయంకాలము ఆ రాళ్ళను లెక్కించినచో ఎన్ని మైళ్ళు నడచినదియు తెలియును. తరువాతి కాలమున సర్వే ఉద్యోగులు త్రోసికొనుచు పోయిన కొలత చక్రము, నేడు మోటారు సైకిలు ముందు భాగమున అంకెలు దొర్లించు కిలోమీటరు మీటరు, ఆ బండికి సంతతియే.

రెండవ ప్రశ్న అంత సులభముగా లొంగలేదు. గడచిన దూరము జరిగిపోయిన విషయము. దానిని లెక్కించిన చాలును. పోగల దూరము ఇంకను జరుగని విషయము. ట్యాంకులో ఎంత పెట్రోలు ఉన్నది, లీటరుకు ఎంత దూరము వచ్చును అను రెండు సంగతులు కూడినగాని అది తేలదు. ఈ రెండింటిలో దేనిని తప్పుగా గ్రహించినను ప్రయాణము దారిలోనే నిలిచిపోవును.

దక్షిణ తెలంగాణమందలి మెట్టసీమలో ఈ ప్రశ్న కేవలము శాస్త్రచర్చ కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణములు రెండును హైదరాబాదునకు ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరమున ఉన్నవి. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగువరకు ఈ రెండు పేర్లతోడి జిల్లాలు మిక్కిలి విశాలములై యుండెడివి. రాతి గుట్టలు, ఎఱ్ఱ చెలక నేలలు, దూరదూరముగా ఉన్న గ్రామములు ఇక్కడి లక్షణము. పెద్ద రహదారుల ప్రక్కన పెట్రోలు బంకులకు కొదవ లేదు. కాని దేవరకొండకు అవతలి తండాలకో, అమ్రాబాదు పీఠభూమికో పోవునపుడు సంగతి వేరు. మన్ననూరు దాటి నల్లమల అడవిలో ప్రవేశించిన శ్రీశైలము దారి సుమారు 70 కిలోమీటర్లు కొండలలోను లోయలలోను సాగును. ఇది పులుల సంరక్షణ ప్రాంతము. రాత్రివేళ అడవి గేట్లు మూసి రాకపోకలను ఆపుదురు. ప్రొద్దు గ్రుంకువేళ అక్కడ బండి ఆగిపోయినచో కలుగు చిక్కు చిన్నది కాదు. రోగిని వెనుక కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి పోవువానికి అది ప్రాణసంకటమే.

కఱ్ఱ ముంచి చూచిన కాలము

1894లో జర్మనీ దేశమున, మ్యూనిక్ నగరమందు, హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ అనువారు మోటారు సైకిళ్ళను అమ్మకము కొఱకు తయారుచేయుట ప్రారంభించిరి. ఆ తొలినాటి బండ్లకు ఇంధనమును చూపు సాధనమేదియు లేదు. మూత విప్పి లోపలికి తొంగిచూచుటయు, బండిని అటునిటు ఊపి చప్పుడు వినుటయు, సన్నని పుల్లను ముంచి తడి ఎంతవరకు అంటినదో చూచుటయు ఆనాటి పద్ధతులు. చీకటిలో అగ్గిపుల్ల గీసి లోపలికి చూచుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. పెట్రోలు ద్రవము కంటె దాని ఆవిరియే త్వరగా అంటుకొనును. ట్యాంకు ఖాళీ అగుకొలది లోపల ఆవిరికి చోటు పెరుగును.

మోటారు కార్లలోను చాలాకాలము ఇదే స్థితి యుండెను. 1908లో వెలువడిన సుప్రసిద్ధమైన ఫోర్డు ‘టి’ కారులో పెట్రోలు ట్యాంకు ముందు సీటు క్రిందనే యుండెడిది. సీటు ఎత్తి, మూత తీసి, గీతలు పెట్టిన కఱ్ఱను ముంచినగాని పెట్రోలెంత యున్నదో తెలియదు. పెట్రోలు తన బరువుచేతనే ఇంజనునకు ప్రవహించెడిది కావున, ట్యాంకులో కొంచెమే మిగిలినపుడు నిటారు కొండ ఎక్కినచో ప్రవాహము ఆగిపోయెడిది. అట్టి చోట్ల కారును వెనుకకు త్రిప్పి, వెనుక గేరులో కొండ ఎక్కించెడివారు. ట్యాంకులో పెట్రోలు ఉండుట వేరు, అది ఇంజనునకు అందుట వేరు అను పాఠము ఆనాడే లోకమునకు తెలిసినది.

నిజాము రాజ్యమున 1932లో రైల్వేశాఖవారే రోడ్డు రవాణా విభాగమును నెలకొల్పి 27 బస్సులతో పని ప్రారంభించిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలునకు కటకట ఏర్పడగా, దేశమంతటను బస్సుల వెనుక కొలిమివంటి డబ్బాలు అమర్చి, బొగ్గు మండించి వచ్చు వాయువుతో వానిని నడపిరి. నాటి బొగ్గు బస్సులను గూర్చి పెద్దలు చాలకాలము చెప్పుకొనుచుండెడివారు. ఒక విధముగా చూచిన ఆ బస్సులలో ఇంధనపు లెక్క తేటగా నుండెడిది: మిగిలిన బొగ్గు సంచులు కంటికి కనబడును. ద్రవరూపమైన ఇంధనము మూతపడిన రేకు డబ్బాలో దాగియున్నందుననే కొలత సమస్యగా మారినది.

రిజర్వు అను రెండవ గొట్టము

మోటారు సైకిలునకు దొరికిన తొలి మంచి ఉపాయము కొలత సాధనము కాదు. రెండు గొట్టములుగల ఒక కుళాయి. ట్యాంకు అడుగున బిగించిన కుళాయిలోనుండి ఒక గొట్టము పొడవుగా పైకి లేచియుండును. రెండవది పొట్టిగా అడుగు దగ్గరనే యుండును. మామూలుగా కుళాయిని త్రిప్పి ఉంచినపుడు పెట్రోలు పొడుగు గొట్టము కొననుండి దిగును. మట్టము ఆ కొన కంటె తగ్గగానే ప్రవాహము ఆగును. ఇంజను దగ్గి, వడి తగ్గి, ఆగబోవును. అపుడు కుళాయిని రిజర్వు వైపునకు త్రిప్పినచో పొట్టి గొట్టము తెఱచుకొని అడుగున మిగిలిన లీటరో రెండు లీటర్లో అందును. ‘బండి రిజర్వులో పడినది’ అను మాట పల్లెపల్లెకు ప్రాకినది ఈ రెండు గొట్టముల మూలముననే.

ఈ ఏర్పాటు నల్లగొండవారికి క్రొత్తది కాదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము పూర్తి మట్టము 590 అడుగులు. నీరు 510 అడుగులకు దిగినపుడు దానిని కనీస మట్టముగా పరిగణింతురు. ఆ మట్టమునకు దిగువను సాగరములో నీరు లేకపోలేదు, చాల యున్నది. కాని అది కాలువలకు మామూలుగా అందు నీరు కాదు. తూము ఏ ఎత్తున ఉన్నదో ఆ ఎత్తే పనికివచ్చు నీటికి హద్దు. ట్యాంకులోని పొడుగు గొట్టము అట్టి తూమే.

ఈ కుళాయిలోని గొప్పతనము దాని నిక్కచ్చితనము. విద్యుత్తు లేదు, ముల్లు లేదు, చెడుటకు సున్నితమైన భాగము లేదు. ‘ఇంత మాత్రమే మిగిలినది’ అను ఒక్క మాటను అది ఇంజను దగ్గుతో చెప్పును, ఎల్లపుడు ఒకే మట్టమున చెప్పును. 1955లో మద్రాసులో స్థాపితమైన ఎన్‌ఫీల్డు ఇండియావారి బుల్లెట్టు, 1960వ దశకమున మైసూరులో తయారగుట ప్రారంభించిన జావా, ఎస్కార్ట్సువారి రాజ్‌దూత్, బజాజ్ చేతక్ స్కూటరు, హైదరాబాదులో తయారైన ఆల్విన్ పుష్పక్ స్కూటరు మొదలైన బండ్లతో తిరిగిన తరము ఈ కుళాయినే నమ్ముకొనియుండెను. బుల్లెట్టు తలమీద వేగమును చూపు ముల్లును, బ్యాటరీ విద్యుత్తును చూపు ముల్లును ఉండెడివి గాని పెట్రోలు ముల్లు లేదు.

దానికి లోపమును లేకపోలేదు. రిజర్వులో పడిన తరువాత బంకులో పెట్రోలు పోయించుకొని, కుళాయిని మఱల యథాస్థానమునకు త్రిప్పుట మఱచినవానికి తరువాతి సారి హెచ్చరికయే ఉండదు. ట్యాంకు చుక్క మిగులకుండ ఎండిపోవువరకు బండి హాయిగా పరుగెత్తి, ఒక్కసారిగా నిలిచిపోవును. అపుడు స్కూటరును ప్రక్కకు వంచి, మూలనున్న చివరి చుక్కలను గొట్టము వైపునకు చేర్చి, మఱి రెండు మూడు కిలోమీటర్లు సాగించుట అందఱెఱిగిన కిటుకే. మోటారు సైకిలు విషయములో ఈ కిటుకునకు ఇంకొక కారణము కలదు. దాని ట్యాంకు గుఱ్ఱపు జీనువలె చట్రపు గొట్టము మీద కూర్చుండును. అడుగు భాగమున కుడియెడమలుగా రెండు గుంటలు ఏర్పడును. కుళాయి సాధారణముగా ఒక గుంటకే యుండును. రెండవ గుంటలోని పెట్రోలు మధ్యనున్న మిట్టను దాటలేక చిక్కుకొనును. బండిని కుళాయి వైపునకు బాగుగా వంచినపుడు అది పొర్లి ఇవతలికి వచ్చును.

గ్యాలను పోయి లీటరు వచ్చెను

ఈ కాలముననే కొలతలు మారినవి. పూర్వము పెట్రోలును గ్యాలన్లలోను, దూరమును మైళ్ళలోను లెక్కించెడివారు. 1956 నాటి తూనికలు కొలతల చట్టమును అనుసరించి, 1960వ దశకపు తొలినాళ్ళకు దశాంశ పద్ధతి వ్యాపించినది. ఒక గ్యాలను 4.546 లీటర్లు, ఒక మైలు 1.609 కిలోమీటర్లు. కావున గ్యాలనుకు 100 మైళ్ళు అనగా లీటరుకు 35.4 కిలోమీటర్లు. మైళ్ళు పోయినను ‘మైలేజి’ అను మాట మాత్రము పోలేదు. నేటికిని లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చునో అడుగువాడు ‘మైలేజి ఎంత?’ అనియే అడుగును.

కొలత ప్రమాణములు మారునపుడు జాగ్రత్త తప్పినచో ఏమగునో 1983 జూలై 23న కెనడా దేశమున జరిగిన సంఘటన చూపినది. ఎయిర్ కెనడావారి బోయింగ్ 767 విమానములో ఇంధనమును చూపు విద్యుత్ సాధనము చెడిపోయెను. సిబ్బంది పూర్వపు పద్ధతినే అనుసరించి, ట్యాంకులలో కొలత కఱ్ఱలతో మట్టము చూచి, లీటర్లను బరువులోనికి మార్చిరి. ప్రయాణమునకు 22,300 కిలోగ్రాములు కావలెను. లీటరు బరువు 0.803 కిలోగ్రాము అని తీసికొనుటకు మాఱు, పాత అలవాటు చొప్పున 1.77 అను అంకెతో హెచ్చవేసిరి. అది లీటరు బరువును పౌండ్లలో తెలుపు అంకె. ఫలితముగా 22,300 కిలోగ్రాములు ఉండవలసిన చోట 22,300 పౌండ్లు, అనగా కావలసిన దానిలో సగము కంటె తక్కువ, ఉండెను. సుమారు 41,000 అడుగుల ఎత్తున ఇంజన్లు రెండును ఆగిపోయెను. కెప్టెను పియర్సను విమానమును గాలిలో తేలించుచు గిమ్లీ అను చోటనున్న పాత వైమానిక స్థావరమున దింపెను. అందున్న 69 మందిలో ఒక్కరును చనిపోలేదు. కఱ్ఱ అబద్ధము చెప్పలేదు. దాని మాటను అర్థముచేసికొనుటలో పొరపాటు జరిగినది.

ముల్లు ఎట్లు కదలును?

పెట్రోలు ముల్లు మొదట కార్లలో వాడుకలోనికి వచ్చి, చాలా ఆలస్యముగా మోటారు సైకిళ్ళకు సంక్రమించినది. దానిలోని సూత్రము సులభము. ట్యాంకులో ఒక బెండు పెట్రోలుపై తేలుచుండును. బెండునకు సన్నని తీగ చేయి. ఆ చేయి రెండవ కొన విద్యుత్ నిరోధము గల పట్టీమీద జారుచుండును. మట్టము మారినపుడు బెండు కదలి, నిరోధము మారి, ప్రవహించు విద్యుత్తు హెచ్చుతగ్గులగును. పైనున్న ముల్లు ఆ హెచ్చుతగ్గులను చూపును.

పాత కార్లలో ముల్లును కదలించుటకు రెండు లోహములను అతికించిన రేకును వాడిరి. రేకు చుట్టును సన్నని తీగ చుట్టి విద్యుత్తు పంపగా అది వేడెక్కి వంగును. ఆ వంపే ముల్లును త్రిప్పును. వేడెక్కుటకు కొంత సేపు పట్టును గనుక ముల్లు మెల్లగా కదలును. ఇది లోపము కాదు, సుగుణము. రోడ్డు గతుకులలో పెట్రోలు అలలు వేయుచు బెండును పైకి క్రిందికి ఎగురవేయుచున్నను, ముల్లు నిదానముగా సగటును చూపును. తరువాత వచ్చిన అయస్కాంతపు చుట్టల ముళ్ళలో ఈ నిదానము కొఱకు చిక్కని నూనెను వాడిరి. నేటి అంకెల పలకలలో చిన్న గణక యంత్రము వరుసగా వచ్చు కొలతలను సగటుచేసి, ఆ సగటును గళ్ళ రూపమున చూపును.

ముల్లు మాట ఎంత నిజము?

ముల్లు కొలుచునది పెట్రోలు పరిమాణమును కాదు. ఒక్కచోట పెట్రోలు మట్టమును మాత్రమే. చిక్కులన్నియు ఈ తేడానుండియే పుట్టును.

నల్లగొండ చెంత పానగల్లులో కందూరు చోడుల కాలపు ఉదయ సముద్రము కలదు. అట్టి చెరువుల క్రింద సేద్యము చేయు రైతునకు ఒక సంగతి బాగుగ తెలియును: నిండు చెరువులో ఒక అడుగు మట్టము తగ్గుటకు ఎన్నో దినములు పట్టును, అడుగంటిన చెరువులో ఒక అడుగు చూచుచుండగనే పోవును. చెరువు పైన వెడల్పు, అడుగున ఇరుకు గనుక అట్లగును. శంఖువు ఆకారపు గిన్నెను ఊహించినచో, నీరు సగము లోతునకు దిగునప్పటికి మిగులునది సగము కాదు, ఎనిమిదవ వంతు మాత్రమే. మోటారు సైకిలు ట్యాంకు అంత ఇరుకైనది కాకపోయినను దాని పైభాగము విశాలము, క్రింది భాగము రెండు ఇరుకు గుంటలు. కావుననే ముల్లు నిండు గుర్తు దగ్గర చాలసేపు నిలిచి, సగము దాటిన తరువాత తొందరపడి దిగును. దీనికి తోడు, ట్యాంకు నిండియున్నపుడు బెండు పైకప్పునకు తగిలి ఆగియుండును; మట్టము కొంత తగ్గువరకు దానికి కదలుటకు వీలుండదు. ముల్లు సగమున ఉన్నదని సగము పెట్రోలు ఉన్నదనుకొనరాదు.

రెండవది వాలు. ట్యాంకు పొడవు 45 సెంటీమీటర్లనుకొనుడు. 15 అడుగులకు 1 అడుగు లేచు ఎగువ దారిలో బండి ఎక్కుచున్నపుడు, ట్యాంకు ముందు కొననుండి వెనుక కొనకు పెట్రోలు మట్టములో 3 సెంటీమీటర్ల తేడా వచ్చును. బెండు వెనుక భాగమున ఉన్నచో ఎక్కునపుడు ఎక్కువగాను, దిగునపుడు తక్కువగాను చూపును. ముందు భాగమున ఉన్నచో దీనికి విరుద్ధముగా జరుగును. ఈగలపెంట కనుమలలో ముల్లు ఆడుచున్నదని బెదరిపోవలసిన పనిలేదు. బండిని ప్రక్క స్టాండు మీద వాల్చి చూచిన ముల్లును అట్లే నమ్మరాదు. చదునైన నేలపై బండిని నిలువుగా నిలిపి, కొంచెము సేపు ఆగి చూచినదే సరియైన కొలత.

మూడవది ఎండ. నల్లగొండలో వేసవి ఎండ 45 డిగ్రీలను తాకు సందర్భములు కలవు. ఎండలో నిలిపిన ట్యాంకు లోపల వేడి అంతకంటె హెచ్చగును. పెట్రోలు ప్రతి డిగ్రీకి లీటరుకు సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున వ్యాకోచించును. 30 డిగ్రీల వద్ద పోసిన 10 లీటర్లు 50 డిగ్రీలకు వేడెక్కినచో దాదాపు 200 మిల్లీలీటర్లు ఉబ్బును. ముల్లు కొంచెము పైకి లేచినను అందులోని శక్తి ఏమాత్రము పెరుగలేదు. ట్యాంకును మూతవరకు నింపరాదను హెచ్చరికకు ఇదియే కారణము.

నాలుగవది, స్పర్శ చెడుట. పట్టీమీద జారు లోహపు మొన ఎల్లపుడు పెట్రోలులోనో ఆవిరిలోనో ఉండును. 2004లో అమెరికా దక్షిణ రాష్ట్రములలో గంధకము హెచ్చుగా కలిసిన పెట్రోలు అమ్ముడుపోగా, అది ముల్లునకు సంబంధించిన వెండి మొనలను తినివేసెను. ఖాళీ కావచ్చిన ట్యాంకులు కూడ నిండుగా ఉన్నట్లు చూపినవి. భారతదేశమున 2020 ఏప్రిల్ నుండి అమలైన ఆరవ భారత్ ప్రమాణము పెట్రోలులో గంధకమును పది లక్షలకు 10 వంతులకు పరిమితము చేసినది. ఆ భయము చాలవరకు తగ్గినను, ఏండ్లు గడచిన బండిలో మొన అరిగి ముల్లు ఒకేచోట అంటుకొనిపోవుట నేటికిని సామాన్యమే.

చివరిది గళ్ళ సమస్య. 12 లీటర్ల ట్యాంకునకు 6 గళ్ళు ఉన్నవనుకొనుడు. ఒక్కొక్క గడి 2 లీటర్లకు గుర్తు. లీటరుకు 50 కిలోమీటర్లు వచ్చు బండికి ఒక గడి అనగా 100 కిలోమీటర్లు. చివరి గడి అప్పుడే మిగిలినదా, లేక ఆరిపోవుటకు సిద్ధముగా ఉన్నదా అను రెండు స్థితులు కంటికి ఒక్కటే. ఆ రెండింటికి నడుమ నల్లగొండనుండి హైదరాబాదు వరకు గల దూరమంత తేడా యున్నది!

లీటరుకు ఎంత?

పెట్రోలు ఎంత యున్నదో సరిగా తెలిసినను సగము లెక్కయే అయినది. లీటరుకు వచ్చు దూరము స్థిరమైన అంకె కాదు. గాలి అడ్డగింపు వేగపు వర్గమును అనుసరించి పెరుగును: గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఉన్న అడ్డగింపు 60 వద్ద రెండుంబావు రెట్లగును. జడ్చర్ల మీదుగా పోవు వెడల్పాటి జాతీయ రహదారిపై బండిని తరుముచు పోవువానికి, ఊరి దారిలో నెమ్మదిగా పోవునప్పటి మైలేజి రాకపోవుట ఇందువలననే. చక్రములలో గాలి తగ్గుట, వెనుక ఇద్దరు ఎక్కుట, చెయిను ఎండిపోవుట కూడ పెట్రోలును హరించును.

కొండ ఎక్కుటకు పట్టు ఖర్చు ఎంతయో లెక్కించి చూడవచ్చును. బండియు ఇద్దరు మనుష్యులును కలిసి 300 కిలోగ్రాములనుకొనుడు. ఆ బరువును 100 మీటర్ల ఎత్తునకు ఎక్కించుటకు సుమారు 2,94,000 జౌళ్ళ శక్తి కావలెను. లీటరు పెట్రోలులో ఇంచుమించు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళు ఉన్నను, చిన్న ఇంజను అందులో అయిదవ వంతును మాత్రమే చక్రమునకు అందించునని అనుకొన్నచో, ఆ ఎక్కుడునకు దాదాపు 45 మిల్లీలీటర్లు పట్టును. అనగా 300 మీటర్ల ఎత్తు ఎక్కుటకు 135 మిల్లీలీటర్లు. చదును దారిలో ఆరేడు కిలోమీటర్ల దూరమునకు సమానము. ఇది పెద్ద మొత్తము కాదు. కాని చివరి లీటరుమీద లెక్కలు వేయుచున్నవానికి ఆ ఆరేడు కిలోమీటర్లే గట్టుకును గండమునకును నడుమనుండు దూరము.

ఇటీవల పెట్రోలే మారినది. 2022 నాటికి పెట్రోలులో 10 శాతము, 2025 నాటికి 20 శాతము ఇథనాలు కలుపుట దేశమున జరిగినది. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే. కావున 20 శాతపు మిశ్రమమున శక్తి సుమారు 7 శాతము తక్కువ. మైలేజి తగ్గుదల ఇంజను అమరికను బట్టి యుండును. పాత ప్రమాణములకు తయారైన ద్విచక్ర వాహనములలో అది 3, 4 శాతము వరకు ఉండవచ్చునని 2021లో ప్రభుత్వము వెలువరించిన ప్రణాళిక అంచనా వేసినది. ముల్లు ఈ సంగతిని ఎఱుగదు. దానికి మట్టమొక్కటే తెలియును. అందున్న ద్రవములో బలమెంతయో తెలియదు.

కుళాయి పోయిన తరువాత

2020లో వచ్చిన ప్రమాణములతో చాలా మోటారు సైకిళ్ళు కార్బ్యురేటరును విడిచి, పెట్రోలును పంపుతో చిమ్ము పద్ధతిని స్వీకరించినవి. దానితో రెండు గొట్టముల కుళాయి అదృశ్యమై, దాని స్థానమున ఒక చిన్న దీపము వచ్చినది. ఆ దీపము కూడ బెండు చెప్పిన మాటమీదనే వెలుగును. పూర్వము ముల్లు తప్పినను కుళాయి సాక్ష్యము చెప్పెడిది. ఇపుడు రెండవ సాక్షి లేడు. పైగా ట్యాంకులోనే మునిగియుండు పంపును చల్లబఱచునది ఆ పెట్రోలే గనుక, తఱచుగా ఎండబెట్టినచో పంపునకు హాని.

ఈ పద్ధతిలో ఒక లాభమును కలదు. పెట్రోలు చిమ్ము సన్నని రంధ్రము ఎంతసేపు తెఱచియున్నదో గణక యంత్రమునకు ఖచ్చితముగా తెలియును. కావున ఖర్చైన పెట్రోలు లెక్క మిగిలిన పెట్రోలు లెక్క కంటె నమ్మదగినది. ‘ఇంకను ఇన్ని కిలోమీటర్లు’ అని కొన్ని బండ్లు చూపు అంకె ఈ రెండు లెక్కలను కలిపి గుణించినదే. గడచిన దారి ఎట్లుండెనో రాబోవు దారియు అట్లే ఉండునను ఊహ దానిలో ఇమిడియున్నది. కల్వకుర్తి మైదానమున సంపాదించిన సగటును నమ్ముకొని నల్లమల ఎక్కినచో ఆ ఊహ తప్పును.

కావున తెలివైన ప్రయాణికుడు తన బండికి తానే కొలత కట్టుకొనును. పద్ధతి కష్టము కాదు. ఒక బంకులో ట్యాంకును ఒక గుర్తు వరకు నింపించి, చిన్న కిలోమీటరు మీటరును సున్నకు త్రిప్పవలెను. మామూలుగా తిరిగి, మఱల అదే బంకులో అదే గుర్తు వరకు నింపించవలెను. 412 కిలోమీటర్లకు 8.24 లీటర్లు పట్టినచో లీటరుకు 50 అని తేలును. ఇట్లు నాలుగయిదు సారులు చేసి, వచ్చిన అంకెలలో సగటును గాక అన్నిటికంటె తక్కువదానిని దూర ప్రయాణమునకు ఆధారముగా తీసికొనవలెను. దీపము ఎన్ని కిలోమీటర్లకు వెలిగినదో, అపుడు నింపగా ఎన్ని లీటర్లు పట్టినదో వ్రాసికొన్నచో, దీపము వెలుగునాటికి ట్యాంకులో మిగులునదెంతయో కూడ తెలియును. బంకు కొలతపై సందేహమున్నచో, 5 లీటర్ల ముద్రవేసిన పాత్రతో కొలిచి చూపుమని అడుగు హక్కు కొనువానికి కలదు. అందులో 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండరాదు.

విద్యుత్ స్కూటర్లు వచ్చిన తరువాతను ప్రశ్న మారలేదు. బ్యాటరీలో బెండు తేలదు. లోపలికి పోయిన విద్యుత్తును, బయటికి వచ్చిన విద్యుత్తును పద్దు వ్రాసినట్లు కూడి తీసివేసి మిగులును ఊహింతురు. పద్దులో చిన్న తప్పులు దినదినము పేరుకొనును గనుక దానిని మధ్యమధ్య సరిచూడవలసియున్నది. పెట్రోలు అయిపోయినచో ఊరి కొట్టులో సీసాతో దొరకవచ్చును. విద్యుత్తునకు ఆ వీలును లేదు. అందుచేత మిగులును సరిగా తెలిసికొనవలసిన అవసరము తగ్గుటకు మాఱు పెరిగినది.

పుల్లనుండి కుళాయికి, కుళాయినుండి ముల్లునకు, ముల్లునుండి అంకెలకు సాధనము మారుచు వచ్చినది. ప్రతి సాధనమును ఒక మట్టమునో ఒక ప్రవాహమునో చూపినదే గాని, ముందున్న దారిని ఏదియు చూడలేదు. ఎగువ ఎంత, ఎండ ఎంత, బరువెంత, చివరి బంకు ఎక్కడ అను లెక్కలు బండి నడుపువానివే. మన్ననూరు గేటు దగ్గర ఆగి ముల్లును చూచునపుడు, దానితోపాటు కిలోమీటరు మీటరును కూడ చూచి, రెండును ఒకే మాట చెప్పుచున్నవో లేదో సరిపోల్చుకొని ముందుకు సాగువాడు అడవిలో ఆగిపోడు.